దాపలి కిడ్నీ

నా ఒంట్లో ఇప్పుడు ఒకటే కిడ్నీ ఉంది. ఉన్నది మంచిదే. ఈ రెండు వాక్యాలూ ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, రెండో వాక్యం నిజమవడానికీ అబద్ధమవడానికీ మధ్య ఒకానొక ఉదయం ఒక సిస్టర్ అడిగిన ప్రశ్న తప్ప ఇంకేమీ అడ్డం లేదు. ఆ ప్రశ్న నాకప్పుడు పరమ చిరాకు తెప్పించింది.

ఆపరేషన్‌కి తేదీ పడి ఎదురుచూస్తున్నవాళ్ళు, వాళ్ళ పక్కన ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. సగం వాళ్ళ ధైర్యానికి, సగం నా ధైర్యానికి. దేన్నైనా కొంచెం పెంచి చెప్పే అలవాటు నాకుంది. కొంచెమని నేనంటాను, మా ఆవిడ ఒప్పుకోదు. కిడ్నీల సంఖ్య మాత్రం పెంచలేదు. పెంచుకునే వీలుంటే ముందు అదే పెంచుకునేవాణ్ణి.

ఫిబ్రవరి

నొప్పి మర్యాదగా తలుపు కొట్టి రాలేదు. భిలాయ్ సెక్టర్ 7లో మా క్వార్టర్ పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఎడమ డొక్కలో ఎవరో గునపం దింపి, దాని చివర కూర్చుని ఊగడం మొదలుపెట్టారు. నేను పెట్టిన కేకకి మా లైనులో కుక్కలన్నీ సెక్టర్ 8కి వలసపోయాయి. ఉక్కు ప్లాంట్లో షిఫ్టు సైరన్ కొట్టిందనుకుని పక్కింటాయన డబ్బా పట్టుకుని సైకిలెక్కేశాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. మా అమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి నాన్న వెనకాల ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళు దాటింది. హిందీ అర్థమవుతుంది. బేరమాడాల్సొస్తే కూరలమ్మి కన్నా బాగా అర్థమవుతుంది. జవాబు మాత్రం తెలుగులోనే ఇస్తుంది. ఊరు తనకి అలవాటు పడాలి గానీ తను ఊరికి కాదని ఆమె సిద్ధాంతం.

"ఏట్రా, ఏటైనాది?" అంది.

"డొక్కలో నొప్పే అమ్మా."

"ఏ డొక్క? దాపలా, వలపలా?"

అరకకి కట్టిన ఎడ్లలో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. మా తాతకి రెండు జతలుండేవి. ఆ ఎడ్లు పోయి ఎన్నేళ్ళయిందో గానీ అమ్మకి లోకమంతా ఇంకా అరకకే కట్టి ఉంది. గ్యాసు పొయ్యికి దాపలి మంట, వలపలి మంట. బస్సులో దాపలి సీటు. నా డొక్క కూడా ఆ లెక్కలోదే.

"దాపల" అన్నాను, వంకరపోయి.

"వాయువురా. వాము నీళ్ళు తాగు, దిగిపోద్ది."

మా ఆవిడ సునీత అప్పటికే చెప్పులు వేసుకుంది. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే, క్యాంప్ 2లో. ఆమె తెలుగు మధ్యమధ్యలో హిందీలోకి వెళ్ళి టీ తాగి వస్తుంటుంది. "వాము నీళ్ళు బాద్ మే అత్తమ్మా. పెహలే డాక్టర్‌కి చూపిద్దాం" అంది.

ఈ ఇద్దరూ నా పెళ్ళినాటి నుంచీ ఇలాగే ఉన్నారు. ఎవరి మాటా ఇంకొకరు కాదనరు, వినరు కూడా.

స్కాన్ చూసిన సర్జన్ గారు సన్నగా, నిదానంగా ఉండే మనిషి. పెద్ద వార్తని చిన్న గొంతుతో చెప్పారు. ఎడమ కిడ్నీకి ఎప్పుడో ఒక రాయి అడ్డం పడిందట, నాకు తెలియకుండానే అది పని మానేసిందట. ఇప్పుడు చీము పట్టకముందే తీసెయ్యాలి. ఇన్నాళ్ళూ కుడిదొక్కటే రెండింటి పనీ చేసుకొస్తోంది.

"ఓవర్‌టైమ్ అన్నమాట" అన్నాను.

"అవును. ఇకముందు మీకున్నది అదొక్కటే. జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు.

ఆ రోజు నుంచి నా కుడి డొక్క మహారాజైపోయింది. ఆ పక్కకి తిరిగి పడుకోవడం మానేశాను. స్కూటరు గుంతలో పడితే దానికి క్షమాపణ చెప్పేవాణ్ణి. ప్లాంట్లో నేను నడిపే క్రేన్ ఎక్కేటప్పుడు ఆ పక్క ఎవరైనా తగిలితే వాళ్ళని నేను చూసే చూపుకి మిల్లులో ఇనుము కరిగేది. పైకి వేళాకోళాలే గానీ లోపల ఒకటే గుబులు. ఒకటి చచ్చిపోతే ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు, రెండోదానికి ఏమైనా అయితే ఎవరు చెబుతారు?

మార్చి

రోగం కంటే వెయిటింగ్ హాలు ఎక్కువ తింటుంది మనిషిని. మా ఆసుపత్రి హాల్లో కుర్చీలు ఒకదానికొకటి ఇనప పట్టీతో కలిపి ఉంటాయి. ఒక మూల ఒకాయన తుమ్మితే రెండో మూల నా స్కాన్ కవరు కింద పడేది. రక్తం ఇచ్చి కూర్చోవడం, గుండె పటం తీయించి కూర్చోవడం, మత్తు డాక్టరమ్మ కోసం కూర్చోవడం. కూర్చుని కూర్చుని నా ఆకారం ఆ కుర్చీలో అచ్చు పడిపోయింది.

అక్కడే ఒక రోజు నా పక్కన ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ కూర్చుంది. మనవడి చెయ్యి విరిగితే తీసుకొచ్చింది. సునీత నా చేతిలో చెయ్యి పెట్టుకుని గోడ వైపు చూస్తూ ఏడుస్తోంది. నేను జోకులు వేస్తున్నాను, అవేమీ పేలడం లేదు. ముసలమ్మ సంచీలోంచి శనగపిండి జంతికలు తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టి, "చింతా ఝన్ కర్ బేటా" అంది. దిగులు పడకు నాయనా అని. ఆ జంతిక ఎంత గట్టిదంటే దాన్ని కొరుకుతూ ఏడవడం మనిషికి సాధ్యం కాదు. సునీత ఏడుపు ఆపి నవ్వింది.

ఏప్రిల్

ఎండలు ముదిరాక తేదీ పడింది. ముందు రోజు మధ్యాహ్నం వార్డులో చేరాను. సాయంత్రం ఛాతీ ఎక్స్‌రేకని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. సునీత వంటకని ఇంటికి వెళ్ళింది. మంచం దగ్గర అమ్మ ఒక్కతే ఉంది. ఆ కాసేపట్లో ఏం జరిగిందో మాకు మర్నాడు గానీ తెలియలేదు.

నేను తిరిగొచ్చేసరికి గడ్డం గీసే భయ్యా మిషనుతో సిద్ధంగా ఉన్నాడు. ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలు తియ్యాలి కదా. చేతిలో చీటీ చూసుకుని నా కుడి పక్క గీకడం మొదలుపెట్టాడు.

"భయ్యా, నా కిడ్నీ అటు పక్కది" అన్నాను.

"చీటీలో ఇదే ఉంది రావుజీ. మీది దూర్బీన్ ఆపరేషన్, సన్న గొట్టం దూర్చి చేసేది. ఇటు నుంచి దూరి అటు తేలుతుంది" అన్నాడు, సొరంగాలు తవ్విన అనుభవంతో.

నాకది ఎంతో సబబుగా తోచింది. రైలు డోంగర్‌గఢ్ మీదుగా నాగపూర్ వెళ్ళడం లేదా? దూర్బీన్ కుడి మీదుగా ఎడమకి వెళ్తుంది. పైగా అమ్మ పక్కనే ఉండి, "గీయనీరా, ఆళ్ళకి తెల్దేటి" అంది. నేను గీయించుకున్నాను. ఆ పక్క ఎంత నున్నగా తేలిందంటే దాన్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

మర్నాడు ఉదయం

స్ట్రెచర్ మీద పడుకుని పైకప్పు చూస్తూ వెళ్తుంటే లోకమంతా ట్యూబ్‌లైట్లే. దారిలో ఎదురైన ప్రతివాడూ "రావుజీ?" అనడం, నేను "హాఁజీ" అనడం. నిజానికి నేను రావుని కాను. నా పేరు అప్పలరాజు. కానీ భిలాయ్‌లో తెలుగువాడు పుట్టగానే రావైపోతాడు, ఇష్టాయిష్టాలతో పని లేదు. ప్లాంట్లో మా సెక్షన్లో "రావుజీ" అని పిలిస్తే సగం మంది తిరిగి చూస్తారు.

ఆపరేషన్ గది బయట చిన్న గది. అక్కడ ఒక సిస్టర్, మధ్య వయసు, కళ్ళద్దాలు తాడుకి వేలాడుతున్నాయి. అట్టకి పెట్టిన కాగితం ఒకటి చేతిలో ఉంది. హిందీలోనే మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ పేరు చెప్పండి."

"రావు."

"వార్డులో నలుగురు రావులున్నారు. పూర్తి పేరు."

చెప్పాను. నాన్న పేరు అడిగింది. చెప్పాను. ఏం ఆపరేషనో అడిగింది. నాకు ఒళ్ళు మండింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి వార్డులో తుడిచే దీదీ దాకా అందరికీ చెప్పి ఉన్నాను. ముందు రాత్రి నుంచి పచ్చి గంగ కూడా ముట్టలేదు.

"అమ్మా, అన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి కదా. చదువుకోకూడదా?" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. రోజూ వింటున్నట్టుంది. "కాగితంలో ఉన్నది నేను చదవగలను. మీకు తెలిసింది మీ నోటితో రావాలి. నేను చదివితే మీరు హాఁజీ అంటారు. దేనికైనా హాఁజీయే అంటారు. ఏ పక్క ఆపరేషనో చెయ్యి పెట్టి చూపించండి."

నేను విసుగ్గా ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టాను.

ఆవిడ కాగితం చూసింది. దుప్పటి తొలగించి నున్నగా మెరుస్తున్న నా కుడి పక్క చూసింది. మళ్ళీ నా చెయ్యి చూసింది. స్ట్రెచర్ తోసేవాడు అప్పటికే తలుపు తెరిచాడు.

"ఆగు" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆగిపోయింది. ఒక్క స్ట్రెచర్ కాదు, ఆ గదిలో అన్నీ. లోపల ట్రే సర్దుతున్న చప్పుడు ఆగింది. ఎవరో సర్జన్ గారి కోసం వెళ్ళారు. నాకప్పుడు అర్థమైంది. ఇక్కడ ఏదీ పెంచి రాయలేను. పని చేస్తున్న కిడ్నీ ఏ పక్కనుందో ఆ పక్కని నిన్న సాయంత్రం నేనే నున్నగా గీయించి, ఆపరేషన్‌కి తయారుచేసి తెచ్చాను. నా చెయ్యి ఎడమ నుంచి కుడికి దానంతటదే వెళ్ళి, ఆ నున్నటి చోటుని కప్పేసింది.

సర్జన్ గారు వచ్చి నాతో మాట్లాడకుండా ముందు స్కాన్ పటం లైటు మీద పెట్టారు. దాని మీద పేరు పైకి చదివారు, సిస్టర్ నా చేతి పట్టీ మీద పేరు పైకి చదివింది. రెండూ ఒకటే. పటంలో చచ్చిన కిడ్నీ ఎడమది. నేను సంతకం పెట్టిన అంగీకార పత్రంలోనూ ఎడమే. వార్డు నుంచి వచ్చిన చీటీలో మాత్రం కుడి.

"కుడి పక్క గీస్తుంటే మీరెందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"చెప్పానండి. దూర్బీన్ ఇటు నుంచి దూరి అటు తేలుతుందన్నారు."

"ఎవరన్నారు?"

"గడ్డం గీసే భయ్యా."

ఆయన నల్ల పెన్ను తీసి, నేను చూస్తుండగా, నా ఎడమ పక్క పెద్ద బాణం గుర్తు వేశారు. చక్కిలిగింత పెట్టింది. నవ్వాను. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఈ ఆవిడ అడక్కపోయుంటే కుడిది తీసేసేవారా?" అన్నాను.

"కోసేముందు పటం చూస్తాను కాబట్టి నాకు తెలిసేదేమో. తెలిసేదే అనుకుంటాను. అనుకోవడం మీద కత్తి పెట్టకూడదనే ఈ ప్రశ్నలన్నీ పెట్టుకున్నాం. మొదట్లో నాక్కూడా చిరాకే" అన్నారు.

అప్పుడు మా మిల్లు గుర్తొచ్చింది. కింద నుంచి వాకీటాకీలో ఆర్డరు వచ్చిందంటే క్రేన్ మీద నేను "సరే" అంటే కుదరదు. "పడమటి వైపు, నెమ్మదిగా, దించుతున్నాను" అని వాళ్ళ మాట వాళ్ళకి తిరిగి అప్పజెప్పాలి. నెత్తి మీద అంత ఇనుము వేలాడుతుంటే సరే అనే మాటకి విలువ లేదు. నా డొక్క కూడా ఒక మిల్లేనని నాకు తట్టలేదు, అంతే.

లోపలికి తీసుకెళ్ళారు. మత్తు ఇచ్చేముందు సిస్టర్ మళ్ళీ కాగితం పట్టుకుంది. మందులు పడవా, పళ్ళు కట్టుడువా, రక్తం సిద్ధంగా ఉందా. ఈసారి నేను పరీక్షలో మొదటి ర్యాంకు కుర్రాడిలా జవాబులు చెప్పాను, అడగనివాటికి కూడా. తర్వాత గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరూ పేరూ పనీ చెప్పుకున్నారు. నేను మత్తు డాక్టర్ని, నేను పనిముట్లు అందించే నర్సుని, అలా. అందరూ అయ్యాక నిశ్శబ్దంగా ఉంటే బాగుండదని, "నేను అప్పలరాజు, పేషెంటుని" అన్నాను. ముసుగుల వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు పూర్తయిందో లేదో నాకు తెలీదు.

నాకు తెలియకుండా జరిగింది తర్వాత విన్నాను. కత్తి పెట్టేముందు ఇంకోసారి అందరూ ఆగి పేరు, పక్క, పని పైకి చెప్పుకుంటారట. కుట్టేముందు వాడిన గుడ్డ ముక్కలన్నీ లెక్కపెడతారట. లెక్క కుదరకపోతే సర్జన్ ఎంత పెద్దవాడైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందేనట.

మెలకువ వచ్చాక నా మొదటి మాట, "ఏది తీశారు?"

"ఎడమది."

"రెండోది?"

సర్జన్ గారు మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ చూపించారు. సగం నిండి ఉంది. లేత బంగారు రంగు. నా జీవితంలో అంతకన్నా అందమైన దృశ్యం చూడలేదు, పెళ్ళిచూపులతో కలిపి. ఈ మాట సునీత ముందే అన్నాను, ఆవిడేమీ అనుకోలేదు. ఆ సంచీ వైపే చూస్తూ నిలబడింది.

వార్డులో

ఆ చీటీలోకి "కుడి" ఎలా వచ్చింది? సాయంత్రానికి వార్డు సిస్టర్ వచ్చింది. రాజ్‌నాంద్‌గావ్ అమ్మాయి, ఉద్యోగంలో కొత్త. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"నేను మాతాజీని అడిగాను. ఏ పక్క అంటే దాయా అన్నారు. దాయా పల్లా అన్నారు. నేను మళ్ళీ అడిగితే తలూపారు కూడా" అంది.

హిందీలో దాయా అంటే కుడి, పల్లా అంటే పక్క. సునీత నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

"నాను దాపలన్నాను" అంది అమ్మ. "దాపలే కదేటి? తప్పేటి సెప్పినాను?"

తప్పేమీ లేదు. దాపల అంటే ఎడమ. విజయనగరంలో ఎడమే, ఎక్కడైనా ఎడమే. నా మంచం నుంచి సిస్టర్ చెవి దాకా వెళ్ళేలోపల కుడి అయిపోయింది. అంత చిన్న దూరంలో ఒక మాట పక్క మారిపోయింది.

సునీత ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలో విరిగిపోయింది. "ఇక్కడికి ఎద్దుని తీసుకొచ్చామా అత్తమ్మా? ఎడమ అని చెప్పలేరా? బాయా అని ఒక్క మాట రాదా యాభై ఏళ్ళల్లో?"

అమ్మ నా వైపు తిరిగింది. "ఎద్దుకైనా తెలుస్తాది దాని పక్కేదో. గీస్తుంటే నీ నోరేటైనాదిరా?"

ఆ తర్వాత అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు.

సర్జన్ గారు ఆ అమ్మాయిని గానీ అమ్మని గానీ ఒక్క మాట అనలేదు. ఇకనుంచి పేషెంటు మెలకువగా ఉంటే పక్కవాళ్ళని అడగొద్దన్నారు. చీటీ మీద పక్క రాయాలంటే స్కాన్ రిపోర్టు ముందు పెట్టుకునే రాయాలన్నారు. గడ్డం భయ్యా చీటీకీ పేషెంటుకీ తేడా వస్తే మిషను కింద పెట్టి సిస్టర్‌ని పిలవాలి. భయ్యా నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నా గడ్డం ఊరికే గీస్తానన్నాడు. వద్దన్నాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. పది మంది పది సార్లు పేరడిగితే విసుక్కోకండి. అడగని చోట భయపడండి. ఎవరేం చదివి వినిపించినా తలూపకండి. మీ పేరు, మీ జబ్బు, మీ పక్క మీ నోటితో చెప్పండి, చెయ్యి పెట్టి చూపించండి. బాణం గుర్తు మీరు మెలకువగా ఉండగానే వేయించుకోండి. మీకు తెలిసిన దానికి ఎదురుగా ఏదైనా జరుగుతుంటే, చేసేవాళ్ళకి తెలుసులే అనుకోకండి. నేననుకున్నాను. సొరంగం కథ ఎంత బాగున్నా సరే, సిస్టర్‌ని పిలవండి.

జూన్

ఇంటికొచ్చాక కుట్లు మానాయి గానీ ఇల్లు మానలేదు. సునీతా అమ్మా ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. మధ్యలో నేను తపాలా పెట్టెనయ్యాను. "మీ అమ్మకి చెప్పండి, చారు పొయ్యి మీదుంది." "నీ పెళ్ళాంకి సెప్పు, ఉప్పు సాల్లేదు." మూడడుగుల దూరంలో ఉన్న మనుషుల మాటలు నా మీదుగా రాయ్‌పూర్ చుట్టి వచ్చేవి. ఒకరోజు వాళ్ళ మాటలు కావాలనే తారుమారు చేసి అందించాను, నవ్వుతారేమోనని. ఇద్దరూ నవ్వలేదు. అమ్మ ఎడమ అనీ అనేది కాదు, దాపల అనీ అనేది కాదు. గ్యాసు పొయ్యి దగ్గర "ఆ మంట" అనేది. అది నాకు కుట్ల కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

ఒంటి కిడ్నీవాడు నీళ్ళు బాగా తాగాలని సర్జన్ గారి ఆజ్ఞ. సునీత ఒక స్టీలు బిందె నా మంచం పక్కన పెట్టింది. అమ్మ ఒక చెంబు పెట్టింది. ఎవరిది తాగితే రెండోవాళ్ళకి కోపం. నేను తాగిన నీళ్ళతో శివనాథ్ నది ఎండాకాలం కూడా పారేది. నడిస్తే లోపల అలల చప్పుడు నాకే వినిపించేది.

మొదటి వాన కురిసిన సాయంత్రం, ఇద్దరూ వరండాలో బట్టలు తీస్తున్నారు, చెరో తాడు దగ్గర. ఇక ఒక్క చుక్క కూడా పట్టేలా లేదని, చేతిలో గ్లాసు ఎవరూ చూడకుండా కిటికీలోంచి మనీప్లాంట్ కుండీలోకి వంచాను. వాన పడుతుంటే మొక్కకి నీళ్ళు పోసే మనిషి కంటపడకుండా ఉండడు.

"అత్తమ్మా" అంది సునీత. ఆ పిలుపు ఆసుపత్రి తర్వాత నేను వినలేదు. "చూడండి మీ అబ్బాయి. నీళ్ళు గమ్లాలో పోసేస్తున్నాడు."

అమ్మ తడి చీర భుజాన వేసుకుని కిటికీ దగ్గరికొచ్చింది. కుండీ చూసింది, గ్లాసు చూసింది, నన్ను చూసింది. "ఎన్నాళ్ళ నుంచేటే ఈ యవ్వారం?" అని కోడల్ని అడిగింది.

"ఏమో. ఆ మొక్క అంత ఏపుగా ఎందుకుందా అనుకుంటున్నాను."

"నానూ అదే అనుకుంతన్నాను. రేపట్నించి నువ్వు పొద్దుటేల సూసుకో, మద్దేనం నుంచి నాను సూసుకుంతాను. ఈడిని ఒగ్గకూడదు."

"సరే అత్తమ్మా. నైట్ డ్యూటీ?"

"ఇద్దరం సేద్దాం."

సునీత లోపలికొచ్చి గ్లాసు నింపి నా చేతిలో పెట్టింది. అమ్మ కిటికీ అవతల నుంచి కదల్లేదు. ఇద్దరూ చూస్తుండగా, గుక్క తిప్పుకోకుండా తాగేశాను. కడుపు పగిలిపోయేంత నిండుగా ఉంది. ఇంకో గ్లాసు పొయ్యమన్నాను.